పేర్లు పడేలోపే

తెనాలి స్టేషను బయట ఆటో ఎక్కి, "ఎన్టీఆర్ సినిమాలు వేస్తున్నారట కదా, ఆ హాలు దగ్గరికి పోనియ్యి బాబూ" అన్నాను. హాలు పేరు నాకు తెలీదు. అతను అడగనూ లేదు. "ఇవాళ మాయాబజారండీ. ఆటకింకా గంట టైముంది, కంగారేం లేదు" అన్నాడు. రైలు దిగి ఐదు నిమిషాలు కాలేదు, పండగ కార్యక్రమం నాకు ఆటోలోనే అందింది. గోవా చలనచిత్రోత్సవంలో అయితే మెడలో కార్డు, చేతిలో లావుపాటి పుస్తకం, ఫోన్లో యాప్ అన్నీ ఉండి కూడా ఏ హాల్లో ఏం వేస్తున్నారో పక్కవాణ్ణి అడుక్కునేవాణ్ణి.

అది 2022 జూన్ నెల. ఎన్టీ రామారావుకి నూరో ఏడు మొదలైన మే 28న బాలకృష్ణ వచ్చి తెనాలిలో ఉత్సవాన్ని ప్రారంభించి వెళ్లారు. ఒక సభ, నాలుగు దండలు, ఒక పూట భోజనాలతో సరిపెట్టకుండా ఏడాది పొడుగునా జరుపుతామన్నారు. వారానికి 5 సినిమాలు, 2 సదస్సులు, నెలకు 2 పురస్కారాలు అని ప్రకటన. చదవగానే నాకు నమ్మకం కుదరలేదు. తొమ్మిది రోజుల చలనచిత్రోత్సవానికే ఆరోరోజుకి కళ్లు మండి, నడుం పట్టేసి, మంచి సినిమా మధ్యలో కూడా కునుకు తీసే రకం నేను. ఏడాది పండగ అంటే ఎవరు చూస్తారు, ఎవరు వేస్తారు? చూసొద్దామనే బయల్దేరాను.

దారిలో ఆటోవాణ్ణి కాస్త గిల్లాను. "బుర్రిపాలెం పక్కనే పెట్టుకుని ఎన్టీఆర్ పండగేంటయ్యా?"

అతను అద్దంలోంచి చూసి నవ్వాడు. "ఆ గొడవలన్నీ మా నాన్న కాలంలోవండీ. డెబ్భై ఏడు సంక్రాంతికి మా నాన్నేమో కురుక్షేత్రం, మా బాబాయేమో కర్ణ. పండగ మూడ్రోజులూ ఇద్దరికీ మాటల్లేవంట."

1977 జనవరి 14న 'దానవీరశూర కర్ణ', 'కురుక్షేత్రం' ఒకేరోజు విడుదలయ్యాయి. ఒకటి ఎన్టీఆర్ తానే తీసి, తానే మూడు వేషాలు కట్టింది. రెండోది బుర్రిపాలెం హీరో కృష్ణ అర్జునుడిగా వేసింది. ఒకటే భారతం, ఒకటే పండగ, ఒకే ఇంట్లో రెండు పక్షాలు. దాయాదుల యుద్ధాన్ని తెనాలివాళ్లు తెరమీద చూసి ఊరుకోలేదన్నమాట.

హాలు సగానికి పైగా నిండింది. పడుచువాళ్లు తక్కువ, తలలు నెరిసినవాళ్లు ఎక్కువ. ఆడవాళ్లు చెప్పుకోదగ్గంత మంది వచ్చారు, అందులో మనవల్ని లాక్కొచ్చినవాళ్లు ఉన్నారు. నా పక్క సీట్లో తెల్లపంచె, భుజాన తువ్వాలు, ఒళ్లో గుడ్డసంచితో ఒక పెద్దాయన. కాలవ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడట. "మీదేవూరండీ?" అన్నాడు. చెప్పాను. "అంత దూరం నుంచి సినిమాకొచ్చారా! సరే, మాటలాపండి, పేర్లు పడతన్నాయి" అన్నాడు. మాటలు మొదలెట్టింది ఆయనే.

'పేర్లు పడటం' అనే మాట విని చాలా కాలమైంది. మా చిన్నప్పుడు అమ్మ వంటింట్లోంచి పరుగున బయటికొచ్చి చీర సర్దుకుంటూ "పేర్లు పడేలోపే వెళ్లాలి" అని మమ్మల్ని తరిమేది. పేర్లు తప్పిపోతే సినిమా సగం పోయినట్టే లెక్క. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూసేటప్పుడు ఆ పేర్లు దాటించడానికి తెరమీద ఒక మీటే ఇస్తున్నారు.

పేర్లు మొదలయ్యాయి. పెద్దాయన పేర్లు చదవడం లేదు, ఊళ్లు చదువుతున్నాడు. సావిత్రి పేరు రాగానే "చిర్రావూరు" అన్నాడు. గుమ్మడి వెంకటేశ్వరరావు అని పడగానే "రావికంపాడు". పాడినవాళ్లలో మాధవపెద్ది సత్యం. "బ్రాహ్మణకోడూరు." కళ దగ్గర గోఖలే పేరు. "అదీ బ్రాహ్మణకోడూరే, ఆ మాధవపెద్దివాళ్లే." పాసింజరు రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన వచ్చే స్టేషను పేరు ముందే చెబుతుంటాడే, అచ్చం అలాగే. వెనక వరసలోంచి ఎవరో "రామారావుగారి నిమ్మకూరు చెప్పలేదేం మావా?" అని అరిచారు. "అది ఏటవతలది, మనకి రాదు" అన్నాడీయన. హాలు నవ్వింది.

ఎన్నో ఉత్సవాల్లో ఎన్నో దేశాల సినిమాలు చూశాను. 1986లో హైదరాబాద్‌లో ఫిల్మోత్సవ్ జరిగినప్పుడు సెలవు పెట్టి మరీ రోజుకి నాలుగాటలు చూశాను. అక్కడ సినిమా ఎక్కడో పుట్టి మన దగ్గరికి చుట్టపుచూపుగా వస్తుంది, కింద సబ్‌టైటిల్స్ పట్టుకుని మనం దానితో ముక్తసరిగా మాట్లాడి పంపించేస్తాం. తెనాలిలో అది ఇంటికొచ్చిన కూతురు. అందరూ దాంతో ఒకేసారి మాట్లాడతారు. ఘటోత్కచుడు విందుకి కూర్చున్నప్పుడు రంగారావు పెదవులకి గొంతిచ్చిన మాధవపెద్ది సత్యం ఊరు ఈ హాలుకి ఓ ముప్పై కిలోమీటర్ల లోపే. ఆ లడ్డూలు, ఆ గదలు, ఆ ద్వారకానగరం కళాధర్‌తో కలిసి రూపొందించిన గోఖలేదీ ఆ ఊరే. బలరాముడిగా గుమ్మడి అలిగినప్పుడు ముందు వరస ముసలామె "అయ్యో, మనవాడికి ముక్కుమీద కోపం" అంది. ఆమె అన్నది బలరాముణ్ణో, గుమ్మడినో నాకు తెలియలేదు.

ఒక మాట చెప్పకపోతే నాకు తోచదు. ఆరోజు వేసింది 2010లో రంగులద్ది, వెడల్పాటి తెరకి సరిపెట్టిన మాయాబజార్. తలలు అక్కడక్కడ తెగాయి. కిరీటాల పైభాగం లేకుండా రాజులు మాట్లాడుకోవడం నాకు ముల్లులా గుచ్చుకుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో కాయించిన వెన్నెలకి నీలం పూయడం అవసరమా అని నా బాధ. ఇంటర్వెల్‌లో పెద్దాయనతో ఈ మాటే అంటే కొట్టిపారేశాడు. "గుమ్మడిగారు ఆ రంగుల సినిమా కళ్లారా చూసి పోయాడండీ. ఆయనకి లేని బాధ మనకెందుకు?" గుమ్మడి 2010 జనవరి 26న పోయారు. రంగుల మాయాబజార్ జనంలోకి వచ్చింది ఆ నాలుగు రోజులకే. అంతకుముందు ఆయనకి వేసి చూపించారు, మురిసిపోయారు. అది నిజమే. అయినా నా అభిప్రాయం మార్చుకోలేదు. సినిమాని పుట్టిన కొలతల్లోనే వేయాలి. ఏడాది పండగ చేసే ఓపిక ఉన్నవాళ్లు ఆ ఒక్క జాగ్రత్త కూడా తీసుకుని ఉంటే బాగుండేది.

ఆట అయ్యాక పెద్దాయన ఒళ్లో సంచి విప్పాడు. పాలిథిన్ కవర్లో చుట్టిన ఒకే ఒక పాటల పుస్తకం. శ్రీకృష్ణ తులాభారం. సినిమాహాళ్ల దగ్గర అణాలకీ పైసలకీ అమ్మిన ఆ పల్చటి పుస్తకాలు మా ఇంట్లోనూ ఉండేవి. లోపల నాలుగు ముక్కల్లో కథ, 'శేషం వెండితెరపై' అని ఊరించి ఆపేసి, తర్వాత పాటలు, ప్రతి పాట దగ్గరా రాసినవారి పేరు, అట్టమీద అందరి పేర్లు. "ట్రంకుపెట్టెడు ఉండేవండీ" అన్నాడు. "పాతిల్లు పడగొట్టి డాబా వేసేటప్పుడు మా పిల్లలు పాతపేపర్లతో కలిపి తూకానికి వేసేశారు. ఇదొక్కటి దేవుడి గూట్లో ఉండబట్టి మిగిలింది."

మర్నాడు పొద్దున్నే ఊరు చూడటానికి బయల్దేరాను. మూడు కాలవలు ఊరిని చీల్చుకుపోతాయి కాబట్టి తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నారు. ప్యారిస్ నేను చూడలేదు, పోల్చలేను. కాలవ గట్టున నిలబడితే గుర్రపుడెక్క మధ్యలోంచి నీళ్లు కనపడ్డాయి. రణరంగ చౌక్‌లో కాసేపు ఆగాను. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో ఏడుగురు నేలకూలిన చోటు. చుట్టూ బండ్లు, హారన్లు, బజ్జీల వాసన. బోసు రోడ్డులో బెల్లం జిలేబీ తిన్నాను. దాని గురించి ఎక్కువ చెప్పను, తిన్నవాడికి తెలుసు.

నేను వెతుక్కుంటూ వెళ్లింది ఐతానగర్. ఆలూరి వెంకట సుబ్బారావు 1908లో పుట్టిన పేట అది. ఆ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు, చక్రపాణి అనాలి. క్షయ పట్టుకుని మదనపల్లె శానిటోరియంలో మంచాన పడి ఉన్నప్పుడు ఈయన బెంగాలీ నేర్చుకున్నాడు. లేచొచ్చి శరత్ నవలల్ని తెలుగు చేశాడు. ఎంత తెలుగు చేశాడంటే శరత్‌ని చాలామంది మనవాడే అనుకున్నారు. తర్వాత నాగిరెడ్డితో కలిసి 1947లో చందమామ, ఆపైన విజయావారి సినిమాలు. 'షావుకారు', 'పెళ్ళిచేసి చూడు', 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ'. చందమామని 1952 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. సినిమాలు తీసినవాడే కాదు, సినిమాల మీద పదునుగా వ్యాసాలు రాసినవాడు కూడా ఈ ఊరివాడే కావడం నాకు ముచ్చటేసింది. ఉత్సవం అంటే అదీ ఉండాలి కదా, తీసేవాడూ తిట్టేవాడూ.

మిస్సమ్మలో మేరీ వేషం మొదట భానుమతిది. కొంత షూటింగ్ అయ్యాక చక్రపాణికీ ఆమెకీ పడక, ఆ వేషం సావిత్రికి వచ్చింది. ఆయన సినిమాల్లో ఎవరూ పెద్దగా ఏడవరు. అబద్ధాలాడతారు, అలుగుతారు, అప్పులు చేస్తారు, పాడుకుంటారు, ఆఖరికి అందరూ కలిసి భోంచేస్తారు. చావుని అంత దగ్గరగా చూసొచ్చినవాడు నవ్వునే నమ్ముకున్నాడని నాకనిపిస్తుంది. ఐతానగర్‌లో ఆయన గురించి అడిగితే ఒక కిరాణా కొట్టాయన, "చందమామ ఆయనేగా? ఇటేపే ఎక్కడో" అని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి చూపినంత మేరా నడిచి వెనక్కొచ్చాను.

ఈ ఊళ్ల పట్టిక రాసుకుంటూ పోతే ఆగదు. షావుకారు చెంగయ్యగా, కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లుగా మరిచిపోలేని గోవిందరాజుల సుబ్బారావు ఈ తెనాలి నాటకాల్లోంచి వెళ్లినవాడే. ఊర్వశి శారద తెనాలి ఆడపడుచు. మలయాళం, తెలుగు సినిమాలకి మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి అయి, 1996లో ఇక్కణ్ణుంచే లోక్‌సభకి వెళ్లింది. జగ్గయ్య మోరంపూడి. ఏవీఎస్ తెనాలి. ఇప్పటి మాటల రచయిత బుర్రా సాయిమాధవ్‌దీ తెనాలే. కారణం ఏమిటని నేను చాలామందిని అడిగాను. నీళ్లని కొందరు, కులాలని కొందరు, డబ్బని కొందరు. నాకు తోచింది ఇది. మూడు పంటల డబ్బు, నాటక సమాజాలు, ప్రెస్సులు ఈ మూడూ ఇరవై మైళ్ల లోపల ఒకేసారి కుదిరాయి. పంటొచ్చాక రైతు నాటకం కట్టించాడు, నాటకం ఆడినవాడు మద్రాసు మెయిలెక్కాడు, మిగిలినవాళ్లు ఆ కథలు అచ్చేసుకున్నారు.

పాతాళభైరవి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1952 జనవరిలో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలైనప్పుడు దక్షిణాది నుంచి అందులో ఆడిన ఒక్క సినిమా అదే. విజయావాళ్లది, అంటే సగం తెనాలిది. దాని శబ్దగ్రహణ విభాగంలో అసిస్టెంటుగా పనిచేసిన ఒక కుర్రాడి ఊరు రేపల్లె పక్కన ఉంది. అక్కడికి వెళ్లాలని ఆ జూన్‌లోనే అనుకున్నాను. ఎండలకి జడిసి, ఇంకోసారి చూద్దాంలే అని వాయిదా వేసి హైదరాబాద్ రైలెక్కేశాను.

ఆ ఏడాది నా వాయిదాకి గట్టి శిక్షే పడింది. నవంబర్ 15న కృష్ణ పోయారు. డిసెంబర్ 23న కైకాల సత్యనారాయణ. 2023 జనవరి 27న జమున. ఆ వారం తిరక్కుండానే ఫిబ్రవరి 2 రాత్రి కె. విశ్వనాథ్, పాతాళభైరవికి పనిచేసిన ఆ కుర్రాడు. ఆయన 'శంకరాభరణం' విడుదలైంది 1980లో అదే ఫిబ్రవరి 2న. ఒకరి శతజయంతి ఏడాది తక్కినవాళ్లని ఒక్కొక్కరినే పంపించే ఏడాది అయిపోయింది. ఫిబ్రవరి రెండో వారంలో మళ్లీ తెనాలి బయల్దేరాను.

ఈసారి బెజవాడ నుంచి పాసింజర్లో వెళ్లాను. దుగ్గిరాల వచ్చేసరికి కిటికీ దగ్గరికి జరిగాను. పసుపు యార్డు ఊరు. జమున పుట్టింది హంపీలో అయినా పెరిగింది ఇక్కడే. సావిత్రి నాటకానికని ఈ ఊరొచ్చినప్పుడు వాళ్లింట్లోనే దిగిందట. కొన్నాళ్లు ఇక్కడ పంతులుగిరీ చేసిన జగ్గయ్య 'ఖిల్జీ రాజ్యపతనం' నాటకంలో వేషానికి జమునని తీసుకెళ్లారు. అంటే మిస్సమ్మలో, గుండమ్మ కథలో అక్కాచెల్లెళ్ల వరసలో కనిపించే ఆ ఇద్దరూ మద్రాసులో కాదు, ఈ పసుపు మార్కెట్టు ఊళ్లో ముందే ఎరుగున్నవాళ్లు. రైలు రెండు నిమిషాలు ఆగి కదిలింది.

ఆ రాత్రి శ్రీకృష్ణ తులాభారం చూశాను. 1966 నాటిది, కమలాకర కామేశ్వరరావు తీసింది. కృష్ణుడు ఎన్టీఆరే, సందేహం లేదు, కానీ సినిమా జమునది. కృష్ణుణ్ణి గీసిన గీత దాటనివ్వనని సత్యభామ ధీమాగా పాడే పాట దగ్గర, అప్పటిదాకా గుసగుసలాడుతున్న హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. పోయి పదిహేను రోజులు కాలేదు. తెరమీద జడ విసురుతోంది. ఎవరో వెనకనుంచి చిన్నగా చప్పట్లు మొదలెట్టారు, అందరూ అందుకున్నారు. జూన్‌లో కలిసిన లస్కరు పెద్దాయన కనబడలేదు. కానీ ఆయన పుస్తకంలో ఆ పాట కింద అచ్చయిన పేరు నాకు గుర్తుంది. స్థానం నరసింహారావు.

అందుకే మర్నాడు బాపట్ల.

భావనారాయణస్వామి ఊరు, వ్యవసాయ కళాశాల ఊరు, 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది. కొత్త బోర్డులు ఇంకా మెరుస్తున్నాయి. స్థానం ఇక్కడే 1902లో పుట్టారు. 1920లో హరిశ్చంద్ర ఆడుతుంటే చంద్రమతి వేషగాడు రాకపోవడంతో ఆ చీర ఈయన కట్టుకున్నారు. ఇక విప్పలేదు అనాలి. తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి అయ్యారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ముత్తరాజు సుబ్బారావు రాసిన తులాభారం నాటకంలో సత్యభామకి తగ్గ పాట లేదనిపించి స్థానం తానే ఒకటి రాసుకున్నారు. సినిమావాళ్లు ఆ పాటని వదల్లేక అలాగే తీసుకున్నారు. సుశీల పాడింది, జమున ఆడింది. మగవాడు ఆడవేషానికని రాసుకున్న పాటని చివరికి ఆడవాళ్లిద్దరు కలిసి అందరికీ ఇచ్చేశారు. జమున ఆ జడ పట్టుకునే తీరులో స్థానంవారి నీడ ఉందంటారు నాటకాలు చూసిన పాతవాళ్లు. నేను స్థానాన్ని చూడలేదు. నీడని బట్టే మనిషిని ఊహించుకోవాలి.

బాపట్లలో ఓ పాతపుస్తకాల కొట్టులో 'నటస్థానం' దొరుకుతుందేమోనని అడిగాను. వేషాల గురించి ఆయన స్వయంగా రాసుకున్న పుస్తకం అది. కొట్టు కుర్రాడు ఫోన్లో వెతికి, "నట్ అండ్ బోల్ట్ షాపు కావాలా అంకుల్?" అన్నాడు. తప్పు వాడిది కాదు. సాయంత్రం సూర్యలంక వెళ్లాను. తీరం నిండా సెల్ఫీలు, మొక్కజొన్న పొత్తులు, ఒక పెళ్లిజంట, వాళ్ల వెనక డ్రోన్ కెమెరా. సముద్రం బాగానే ఉంది.

మూడోరోజు తెనాలి నుంచి రేపల్లె రైలు. ప్రధాన మార్గంలోంచి విడిపోయి కృష్ణ ఏటివైపు సాగి, రేపల్లెలో ఆగిపోయే చిన్న దారి. వరి కోసేసిన చేలల్లో మొక్కజొన్న ఆకుపచ్చగా నిలబడి ఉంది. వేమూరు వచ్చింది. లస్కరు పెద్దాయన పక్కనుంటే "వేమూరి గగ్గయ్య" అనేవాడు. 1933లో సావిత్రి సినిమాలో యముడిగా గర్జించిన మనిషి. అక్కడి నుంచి 1977 యమగోల దాకా వస్తే కైకాల సత్యనారాయణ. ఆయనా మొన్న డిసెంబర్‌లోనే వెళ్లిపోయారు.

భట్టిప్రోలులో దిగాను. ఇక్కడి బౌద్ధస్తూపంలో దొరికిన ధాతుపేటికల మీది బ్రాహ్మీ లిపి, తెలుగు నేలమీద దొరికిన అతి పాత రాతల్లో ఒకటి. ఆ రాతల్లో ఏముందని చదివితే నాకు నవ్వొచ్చింది. రాతి పెట్టెలు చేయించిన దాతల పేర్లు, గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. నిర్మాతలు, కమిటీ మెంబర్లు. పేర్లు వేసుకోవడం ఈ ప్రాంతానికి రెండువేల ఏళ్లకి పైబడిన అలవాటు.

అక్కణ్ణుంచి ఆటోలో పెదపులివర్రు. కాశీనాథుని విశ్వనాథ్ 1930 ఫిబ్రవరి 19న పుట్టిన ఊరు. రావి చెట్టు నీడలో మంచినీళ్ల ట్యాంకు, ఒక టీ కొట్టు. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన తెల్లగడ్డంతో నవ్వుతున్నారు. కింద శ్రద్ధాంజలి ఘటించినవాళ్ల ఫొటోలు ఆయన ఫొటోకన్నా ఎక్కువ చోటు తీసుకున్నాయి. గాలికి ఒక మూల ఊడి టపటప కొట్టుకుంటోంది. టీ కొట్టాయనని అడిగితే, "చిన్నప్పుడే ఊరొదిలి వెళ్లిపోయారండీ. అయినా ఎవరన్నా పరాయి ఊరివాళ్లు మీదేవూరంటే, శంకరాభరణం విశ్వనాథ్‌గారి ఊరని చెబుతాం. అప్పుడింకో టీ చెబుతారు" అన్నాడు. నేనూ ఇంకో టీ చెప్పాను.

ఆయన వాహినీ స్టూడియోలో మొదట శబ్దం పట్టుకునే పనిలో చేరాడని చదివినప్పుడల్లా, ఆ చెవి ఎక్కడ తయారైందా అనుకునేవాణ్ణి. ఆ ఊళ్లో గంటసేపు ఊరికే కూర్చుంటే కొంత తెలిసినట్టయింది. దూరంగా మోటారు, దగ్గర్లో చిలకలు, బోదెలో నీళ్లు, ఎవరో గేదెని అదిలించడం. ఒక్కొక్కటీ విడివిడిగా వినపడుతుంది. సిరివెన్నెలలో చూపులేని హీరో లోకాన్ని చెవులతో చూస్తాడు. అలాంటి సినిమా తీయాలంటే ముందు ఇలాంటి నిశ్శబ్దం తెలిసుండాలి. ఎన్టీఆర్‌తో 'కలిసొచ్చిన అదృష్టం' లాంటివి తీసినప్పుడు విశ్వనాథ్ ఇంకా విశ్వనాథ్ కాలేదు. తర్వాత శంకరాభరణం వచ్చింది. స్టార్ లేని సినిమా, మొదటి రోజుల్లో ఖాళీ కుర్చీలకి ఆడి, ఆ నోటా ఈ నోటా పడి నిలబడింది. 1981లో ఫ్రాన్స్‌లో బెజాన్‌సోన్ చలనచిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి తెచ్చుకుంది. పెదపులివర్రు కుర్రాడి సినిమా మాట తెలియని ఊళ్లో గెలిచింది. ఆ రాత్రి ఆ హాల్లో సబ్‌టైటిల్స్ పట్టుకుని కూర్చున్నవాళ్లలో నాలాంటివాడు ఒక్కడైనా ఉండే ఉంటాడు.

రేపల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. పట్టాలు ఒక దిమ్మ దగ్గర ఆగిపోయాయి. తిరుగు రైలుకి రెండు గంటలు టైముంటే బజారులో తిరిగాను. ఒక పాతసామాన్ల షెడ్డు ముందు, కాటా పక్కన, పురికొసతో కట్టిన కట్టలు. స్కూలు గైడ్లు, వారపత్రికలు, పెళ్లి శుభలేఖలు. మధ్యలో పల్చటి పింక్ కాగితం అంచు ఒకటి కనపడి లాగాను. సగం చిరిగిన పాటల పుస్తకం. అట్ట లేదు, కాబట్టి ఏ సినిమాదో తెలియలేదు. పాటలున్నాయి, రాసినవాళ్ల పేర్లున్న చోట చెద తినేసింది. "తీసుకోండి సార్, దానికేం బరువుంది" అన్నాడు షెడ్డు యజమాని.

మీ ఇంట్లో అటకమీద ఇలాంటి ట్రంకుపెట్టె ఉంటే, సంక్రాంతికి సున్నాలేసేటప్పుడు దాన్ని కాటావాడికి ఇవ్వకండి. ఇవ్వక తప్పదనుకుంటే, పాటల పుస్తకాల అట్టమీది పేర్లన్నా ఒక్కసారి చదివి ఇవ్వండి. మీ ఊరివాళ్లెవరైనా ఉండొచ్చు.